తోడు పెట్టిన దోమలు

ఆదోని దాటినాక ఎమ్మిగనూరు బస్సు ఒక పత్తి లారీ వెనక ఇరుక్కుంది. ముందుకు పోలేదు, పక్కకు తప్పుకోలేదు. ఒళ్ళో అట్టపెట్టెతో కూర్చున్న దేవేంద్రప్పదీ అదే గతి. ఎందుకంటే దోవలో చెయ్యెత్తి బస్సెక్కి, వచ్చి అతని పక్కనే కూలబడింది హనుమక్క.

"ఏమప్పా తొట్టి దేవేంద్రా! యాడికి పోతాండావు?"

ఆ పేరు ఊరికే రాలేదు. ఈ పల్లెల్లో కుళాయి ఎనిమిది రోజులకోసారి వస్తే వచ్చినట్టు. అందుకే ఇంటింటికీ తొట్టి, తొట్టి తొట్టికీ దోమపిల్లలు. మలేరియా విభాగంలో కాంట్రాక్టు మీద చేరి ఇరవై ఆరేళ్ళుగా, శుక్రవారం శుక్రవారం ఆ తొట్లు ఖాళీ చేయించడమే అతని బతుకు. కరువు సీమలో నీళ్ళు పారబొయ్యమనేవాడికి హారతులు పడతారా? ఈ హనుమక్క చేతే చీపురుదెబ్బ తిన్నాడు. తర్వాత ఆమె మనవరాలు రేణుకకు డెంగీ వచ్చి, కర్నూలు ఆసుపత్రిలో తొమ్మిది రోజులుండి బతికి బయటపడింది. అప్పట్నుంచి శుక్రవారమొస్తే హనుమక్కే వీధి వీధంతా ఒంపించేది.

ఆ గట్టితనమే ఇప్పుడు అతని మెడకు చుట్టుకుంది. హనుమక్క ఊళ్ళో కొత్తగా ఒక ప్రయోగం. దోమగుడ్లు వేసి, కాసిని నీళ్ళు పోసిన డబ్బాలు ఇంటింటా వేలాడదీయాలి, రెండు వారాలు ముట్టకూడదు. రెండుసార్లు పెట్టాడు. రెండుసార్లూ శుక్రవారం పొద్దున తొట్లతో పాటు వాటినీ ఒంపించేసింది హనుమక్క. మూడోసారీ ఇట్లాగే అయితే ఊరిని జాబితాలోంచి కొట్టేస్తామన్నారు పైవాళ్ళు. హనుమక్క కూతురింటికి పోయిందని కనుక్కుని మరీ, నిన్ననే మళ్ళీ పెట్టి వచ్చాడు. మిగిలిన డబ్బాలే ఇప్పుడు ఒళ్ళోని పెట్టెలో.

"ఈ పొద్దు శుక్రవారం గదప్పా, అందుకే బిరబిర పోతాండా. నేను లేకుంటే ఒక్కతీ ఒంపదు."

దేవేంద్రప్ప ఆమెవైపు తిరిగాడు. "తొట్లు ఒంపించక్కా. డబ్బాలు మాత్రం ముట్టొద్దు. అవి మంచి దోమలు."

"దోమల్లో మంచివేంది, నీ మొగం! కుట్టవా?"

"కుడతాయి."

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ దోమల్లో ఉండే వోల్బాకియా అనే సూక్ష్మజీవి గురించి చెబితే ఆమెకేం తెలుస్తుంది? మూడు రోజుల శిక్షణలో తలకెక్కనిది దేవేంద్రప్పకే ఇంట్లో పాలగిన్నె దగ్గర బోధపడింది.

"తోడనుకో అక్కా. ఆ దోమల ఒంట్లో కంటికి కనపడని జీవి ఒకటుంటాది. అదున్న దోమలో డెంగీ సరిగ్గా పెరగలేదు. తల్లి నుంచి గుడ్లకు పోతాది. పోను పోను ఊరి దోమలన్నిట్లోకీ చేరుతాది. గంటెడు తోడు కుండెడు పాలను పెరుగు చెయ్యదా?"

హనుమక్క గుండె మీద చెయ్యేసుకుంది. శుక్రవారం తోడు బయటికిస్తే లక్ష్మి పోతుందని పక్కింటికి కూడా చెంచాడు పెట్టని మనిషి.

"తోడా! శుక్రవారం పూట తోడు గడప దాటించినానా? ముందే సెప్పొద్దా, పాపిష్టోడా!"

అతను ఊపిరి పీల్చుకోబోయాడు.

"ఈ పొద్దే వీధంతా సెప్తా. ఇంక శుక్రవారం ఇంట్లోంచి సుక్క బయటికి పోగూడదు. డబ్బా లేదు, తొట్టీ లేదు!"

"అట్ల కాదక్కా! తొట్లు ఒంపాల్సిందే. తోడు లేని దోమలు పుట్టేది ఆడనే."

"ఒంపమంటివి, వద్దంటివి. ఒక నోట్లో ఎన్ని నాలుకలప్పా నీకు? నా మాట అయిపాయె."

ఆమె నోట పడిన మాట వీధిలో ఎంత గట్టిగా నాటుకుంటుందో అతనికి తెలుసు. నాటినవాడు తనే. పదకొండుకల్లా ఎమ్మిగనూరు ఆఫీసులో ఉండాలి, పోకపోతే పైవాళ్ళు ఊరుకోరు. పోతే, ఇరవై ఆరేళ్ళు ఖాళీ చేయించిన తొట్లన్నీ సాయంత్రానికి నిండుగా నిలబడతాయి.

హనుమక్క ఊరి స్టేజీలో బస్సాగింది. హనుమక్క సంచి సర్దుకునేలోగా దేవేంద్రప్ప ఆమె మోకాళ్ళ మీదుగా దాటి దిగేశాడు.

"ఓయప్పా! పోయొస్తానని కూడా సెప్పవా?"

పెట్టె గుండెకు కరుచుకుని, ఆమె మాటకన్నా ముందే చేరాలని, వెనక్కి తిరక్కుండా ఆమె వీధివైపు నడిచిపోయాడు.