బోధన్‌లో నా పది నిమిషాల రిపేరు

ఆ రోజుల్లో మా నిజామాబాదులో కంప్యూటరు నేర్చుకున్నవాడికీ, కంప్యూటరు పక్కన నిలబడి చూసినవాడికీ పెద్ద తేడా ఉండేది కాదు. ఇద్దరికీ ఒకే మర్యాద దక్కేది. నేను ఆ ఇద్దరికీ మధ్యలో ఉండేవాణ్ణి. డిగ్రీ అయ్యాక బస్టాండు వెనక ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సులో చేరాను. నాలుగో నెల నిండకముందే చొక్కా జేబులోంచి పెన్ను తీసేసి స్క్రూడ్రైవర్ పెట్టుకోవడం మొదలుపెట్టాను. (మిగిలిన రెండు నెలల పాఠాల్లో ఏముంటుందో ఈ సంఘటన తర్వాతే తెలిసింది.) తెలియని పని ఎదురైతే కొంచెం భయపడాలన్న సంగతి అప్పటికింకా నాకెవరూ చెప్పలేదు.

చలికాలంలో ఒక శనివారం పొద్దున బోధన్ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. చిన్నమ్మ అక్కడ ఒక చిన్న ప్రైవేటు బడికి హెడ్‌మేడం. వాళ్లింట్లో కంప్యూటరును రెండు నెలల కిందట నేనే దగ్గరుండి కొనిపించాను.

"స్విచ్ వేస్తే విండోస్ బొమ్మ వస్తుందిరా. కింద నీలం గీత కొంచెం కదుల్తది, ఇగ ఆడనే ఆగుతది. మౌస్ జరిపినా ఉలకదు పలకదు. సోమవారం నుంచి పిల్లలకు పరీక్షలు," అంది.

"పది నిమిషాల పని చిన్నమ్మా," అన్నాను. పిల్లల పరీక్షలకూ ఇంట్లో కంప్యూటరుకూ సంబంధమేమిటని అడగాలని నాకు తోచనే లేదు.

చెరుకు ట్రాక్టర్ల వెనక పాక్కుంటూ వెళ్లిన బస్సు నన్ను దించేసరికి చిన్నమ్మ బడికి వెళ్లిపోయింది. ఇంట్లో చిన్నాయన, ఆయన తల్లి ఉన్నారు. ఆమెను ఊరంతా అవ్వ అనే పిలిచేది. అవ్వ ఎప్పటిలాగే కంప్యూటరు బల్ల పక్కన నేలమీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చుట్టూ ఆకు, తంబాకు, దారపు ఉండలు. "అవ్వా, కొంచెం దూరం జరుగు. ఇది నాజూకు సామాను," అన్నాను. "జరుగుత గని, నువ్వు నా తంబాకు తొక్కకు కొడుకా," అంది అవ్వ, జానెడు జరిగి.

ఇక నా విద్య మొదలైంది. లోపలి ర్యామ్ ఊడదీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాను. ప్రతిసారీ విండోస్ బొమ్మ వచ్చేది, గీత నాలుగడుగులు నడిచేది, ఆగిపోయేది. మూడోసారి కూడా ఆగిపోయాక చిన్నాయన నావైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. ఏదో ఒకటి చెప్పి తీరాలనిపించి, "విండోస్ పాడైంది చిన్నాయనా, ఫార్మాట్ కొట్టాలి," అన్నాను. వైద్యుడు ఆపరేషన్ అన్నంత గంభీరంగా అన్నాను.

"దీంట్లో ముఖ్యమైనవేమన్న ఉన్నయా?" అని మాత్రం అడిగాను. (ఈ ఒక్క విషయంలో నన్ను మెచ్చుకోవాలి.)

"ఏముంటయ్‌రా, నేను పత్తాలాడుత. గంతే," అన్నాడు చిన్నాయన, పేకముక్కలు పంచుతున్నట్టు చెయ్యి తిప్పుతూ.

కంప్యూటరును కాసేపు చల్లారనిచ్చి, అటుకులు తిని, చాయ్ తాగి వచ్చి ఫార్మాట్ చేశాను. అది మాత్రం నిక్షేపంగా పూర్తయింది. ఆ తర్వాత కొత్తగా విండోస్ ఎక్కిస్తుంటే మూడో వంతు దగ్గర మళ్లీ ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే చిన్నమ్మ బడి నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే, "పేపర్లు బయటికి తీసినవా?" అంది.

"ఏ పేపర్లు?"

"ప్రశ్నపత్రాలురా. ఐదు, ఆరు, ఏడు తరగతులవి. పద్దెనిమిది పేపర్లు. పదిహేను రోజుల సంది టైపు చేస్తున్న."

నేను చిన్నాయన వైపు చూశాను. చిన్నాయన చెప్పులు వేసుకుని, దుకాణంలో పని గుర్తొచ్చిందని వెళ్లిపోయాడు. చిన్నమ్మ కేకలు వేయలేదు. కుర్చీలో కూర్చుని, పోయిన పేపర్లను వేళ్లమీద ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. కేకలు వేసి ఉంటే బాగుండేదనిపించింది.

అప్పుడు కింది నుంచి అవ్వ గొంతు వినిపించింది. "గా లోపటి చిన్న ఫంకా తిరుగుతలేదు గదా కొడుకా. పొద్దటి సంది సూస్తున్న."

"ముందే చెప్పొద్దా అవ్వా?"

"నాజూకు సామానంటివి. నాకేం తెలుస్తదని ఊకున్న."

వంగి చూశాను. ప్రాసెసర్ మీది ఫ్యాను చుట్టూ బీడీ దారం పెనవేసుకుని ఉంది. దానిమీద తంబాకు పొడి అట్టకట్టింది. గాలి తగలక ప్రాసెసర్ వేడెక్కుతోంది, వేడెక్కగానే కంప్యూటరు బిగుసుకుపోతోంది. పొద్దుటి నుంచి నా ముక్కుకు అడుగు దూరంలో ఉన్న సంగతి అది. "దీంట్లకు దారమెట్ల పోయింది?" అన్నాను, ఇంట్లోవాళ్లను మందలించేవాడిలా.

"గాలాడుతది, పక్క మూత తీసి పెట్టుమన్నది నువ్వే గదా," అంది చిన్నమ్మ.

అవ్వ తన చిన్న కత్తెరతో దారాన్ని పోగుపోగుగా కత్తిరించి, మల్లెమొగ్గలు కోసినంత నెమ్మదిగా లాగేసింది. నేను తంబాకు ఊదబోయి ఏడు తుమ్ములు తుమ్మాను. ఫ్యాను తిరిగింది. విండోస్ ఎక్కడా ఆగకుండా చివరిదాకా ఎక్కింది. కంప్యూటరు కొత్త పెళ్లికొడుకులా కళకళలాడుతూ లేచింది. లోపల ఒక్క అక్షరం లేదు.

"ఇగ మళ్ల టైపు చేసే టైం లేదు. నీ రాత మంచిగుంటది. కూసో," అంది చిన్నమ్మ.

ఆ మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా చిన్నమ్మ ఒక్కో ప్రశ్నా గుర్తు తెచ్చుకుంటూ చెప్పింది, నేను రాశాను. పద్దెనిమిది పేపర్లు. వేలికి కాయ కాసింది. చివరి పేపరు అయ్యాక అన్నంలో నెయ్యి వేస్తూ, "ఫార్మాట్ చేసినందుకు కాదురా నాకు బాధైంది. నన్నొక్క మాట అడగకపోతివి," అంది.

సోమవారం పొద్దున జిరాక్సులు తీయించి బడికి నేనే మోశాను. ఏడో తరగతి లెక్కల్లో నీళ్ల తొట్టి ప్రశ్న ఒకటుంది. నింపే కుళాయి అంకెలూ ఖాళీచేసే కుళాయి అంకెలూ నేను తారుమారు చేసి రాశానని పరీక్ష మధ్యలో బయటపడింది. ఒక అమ్మాయి మాత్రం "ఈ తొట్టి ఎన్నటికీ నిండదు" అని జవాబు రాసిందట. చిన్నమ్మ ఆ పిల్లకు పూర్తి మార్కులు వేసింది.

మధ్యాహ్నం తిరుగు బస్సులో నా పక్కన వర్ని నుంచి వస్తున్న ఒక రైతు కూర్చున్నాడు. ఏం పని చేస్తావని అడిగాడు. "కంప్యూటర్లు బాగుచేస్త. ఇప్పుడే ఒకటి చేసి వస్తున్న," అన్నాను. అబద్ధమైతే కాదు. ఆయన మర్యాదగా లేచి కిటికీ పక్క సీటు నాకిచ్చి, "మా బోరు మోటరు సుత నడుస్త నడుస్త ఆగుతది. గది సుత నీకు తెలుస్తదా?" అన్నాడు.

"తెలుస్తది," అన్నాను.

ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. ఇప్పుడెవరు ఏమడిగినా "చూస్తేగాని చెప్పలేను" అంటాను. అది నిజాయితీగల మాటే. కానీ ఆ మాటకు ఇంతవరకూ ఎవరూ లేచి నాకు కిటికీ పక్క సీటు ఇవ్వలేదు.