మెమరీని ఖాళీ చేయించిన మా ఓనరు

మంత్రాలయంలో ఒక లాడ్జిలో కంప్యూటర్లు చూసుకునే పని నాది. ఒక గురువారం కౌంటర్ ముందు యాత్రికులు కిక్కిరిసి ఉన్నారు. బుకింగ్ నత్తనడక నడుస్తుంటే, మెమరీ ఎంత ఖాళీగా ఉందో చూద్దామని నల్ల తెర మీద ‘ఫ్రీ’ కమాండ్ కొట్టాను. వెనక నిలబడిన మా ఓనరు ఆ అంకె చూసి అదిరిపడ్డాడు.

"ఏమప్పా, అంత మెమరీ కొనిస్తే ఇంతేనా మిగిలిండేది? అంతా యాడికి పోయింది?"

"యాడికీ పోలేదు సార్. ఊరికే ఉంచడమెందుకని సర్వర్ని నడిపే లినక్స్ దాంట్లో పాత ఫైళ్లు పెట్టుకుంటాది. అవసరమొస్తే అదే ఖాళీ చేస్తాది. పై అంతస్తులో ఖాళీ రూముల్లో ఎమ్మెల్యే మనుషుల్ని ఉంచినాం కదా, అట్లే."

పోలిక బాగా కుదిరిందనుకున్నాను. అదే నా కొంప ముంచింది.

"వాళ్లెప్పుడన్నా ఖాళీ చేసినారా?" అంటూ ఓనరు సర్వర్ ప్లగ్గు పీకేశాడు.

సగంలో ఉన్న బుకింగులన్నీ గల్లంతయ్యాయి. యాత్రికులంతా నా మీద పడ్డారు. మళ్లీ ఆన్ చేసి చూస్తే ఖాళీ అంకె శానా పెద్దదైంది. ఓనరు మీసం మెలేసి, "చూసినావా, ఎట్ల ఖాళీ చేయించినానో!" అన్నాడు.

అంతలో ఎమ్మెల్యే మనిషి ఒకడు భుజాన టవలుతో మెట్లు దిగి, "వేణ్నీళ్లు యాడ?" అని గద్దించాడు.

"ఇప్పుడే పంపిస్తానన్నా" అంటూ మా ఓనరు చేతులు కట్టుకున్నాడు.

అడగ్గానే తప్పుకునేదాని మీదే మన ప్రతాపమంతా!