ఎండితే మళ్ళీ తడవని మట్టి

2006లో కొండమీద గాలిమరల పని ఆపించిన మనిషి ఎవరని ఉప్పల్ చౌరస్తాలోని చాయ్ హోటల్లో అడిగితే నన్నే చూపిస్తారు. వాళ్లకు ఆ సంగతి చెప్పింది కూడా నేనే కాబట్టి కొంచెం తగ్గించి తీసుకోండి.

అప్పుడు నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న సాయిల్ టెస్టింగ్ ల్యాబులో టెక్నీషియన్‌ని. ఏ కట్టడం లేచేముందైనా దాని కింది మట్టి మా దగ్గరికి వచ్చేది. దాన్ని ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్ళీ నీళ్లు కలిపి, ఎంత నీటికి జారుగా మారుతుందో చూసేవాళ్లం. దాన్నే లిక్విడ్ లిమిట్ అంటారు. చిల్కానగర్‌లోని నా గదిలో ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు గనుక ఆదివారాలు కూడా ల్యాబులోనే గడిపేవాణ్ణి. మా ఓనరు దాన్ని పనిమీద భక్తి అనుకునేవాడు. నేనూ కాదనలేదు.

ఆ వానాకాలంలో సుజాత అనే సైట్ ఇంజినీరు రెండు డబ్బాల మట్టి తెచ్చింది. గుంటూరు వైపు అమ్మాయి. దక్షిణాదిన ఎక్కడో ఎత్తైన కొండమీద గాలిమరలు నిలబెట్టే కంపెనీలో ఉద్యోగం. మూత తీస్తే నల్లటి తడిమట్టి. మా ల్యాబులో నల్లగా ఉన్నదల్లా బీసీ సాయిలే, అంటే బ్లాక్ కాటన్, నల్లరేగడి. డబ్బా మీద అలాగే రాసేశాను. రేగడికి మా సలహా ఎప్పుడూ ఒకటే: కాలువలు తీసి నీళ్లు పోనివ్వండి, మట్టి తోడేసి మొరం నింపండి.

"ఇది రేగడి కాదేమో బాబాయ్ గారూ. కాలేస్తే పరుపులా దిగుతుంది. పీట్ అంటారు దీన్ని."

"పీటనా? కూసునే పీటనా బిడ్డా?"

నవ్వింది. ఆ నవ్వు చూస్తే నవ్వి చాలా రోజులైనట్టుంది. తర్వాత నింపాదిగా చెప్పింది. ఆకూ గడ్డీ నీళ్లలో మునిగి, గాలి తగలక, పూర్తిగా కుళ్ళకుండా యుగాల తరబడి పేరుకున్న నేల అది. నీళ్లు తీసేస్తే కుళ్ళడం మొదలై, దాచుకున్న కార్బన్ అంతా గాలిలో కలుస్తుంది. పొగ తగ్గించడానికి పెట్టే మర కిందే కనపడని పొయ్యి రాజేసినట్టు. కొండ కింద ఒక చిన్న ఊరుంది. వాళ్లు తాగే ఊట ఈ నేలలోంచే వస్తుంది.

"మబ్బు దిగితే నా చెయ్యి నాకే కనపడదండీ. మాట్లాడదామంటే మనిషి ఉండడు. ఆ ఊట చప్పుడొక్కటే తోడు. మీ రిపోర్టు రాగానే కాలువలు తవ్వేస్తారు."

నా గదిలో ఫ్యాను చప్పుడు గుర్తొచ్చింది. డబ్బాలోంచి కొంత మట్టి తీసి ఓవెన్‌లో పెట్టాను.

మర్నాడు ఆమె వచ్చేసరికి ఎండిన మట్టి మీద నీళ్లు పోస్తున్నాను. రేగడైతే గటగటా తాగి ఉబ్బుతుంది. ఇది తాగలేదు. చేమాకు మీదలాగా నీళ్లు పూసలై దొర్లి పళ్లెం అంచున నిలిచాయి. ఎంత కలిపినా అంతే.

ఇక్కడ నేను "పని ఆపండి" అంటూ ఓనరు గదిలోకి దూసుకుపోయానని చాయ్ హోటల్లో చెబుతుంటాను. నిజానికి డబ్బాలో కిరసనాయిలు పడి ఉంటుందని విసుక్కుని పళ్లెం చెత్తబుట్టలోకి వంపబోయాను. సుజాత నా చెయ్యి పట్టుకుంది.

"ఎండితే మళ్ళీ తడవదా?"

"తడుస్తలేదు బిడ్డా. సూస్తున్నవ్ గద."

"అయితే కాలువ తీశాక, తప్పయిందని పూడ్చినా ఆ నేల తిరిగి రాదన్నమాట."

పళ్లెం తీసుకుని ఇద్దరం ఓనరు దగ్గరికి వెళ్లాం. "ఏందే అన్నా, ముసలితనంల బురద మీద మనసు వడ్డదా?" అన్నాడు. తనే నీళ్లు పోసి చూశాడు. మళ్ళీ పోశాడు. నవ్వు ఆగింది. బీసీ సాయిల్ అన్న మాట కొట్టేయించి, ఆ నేలలో కాలువలు తియ్యొద్దని రిపోర్టు రాయించాడు.

గాలిమరలు ఆగాయా అంటే, లేదు. కంపెనీ రెండు మరలను ఆ నేల మీంచి రాతిగట్టు మీదికి జరిపింది, అంతే. రిపోర్టు కోసం ఆగకుండా కొండ అవతలి వైపు రోడ్డు పక్క కాలువ అప్పటికే తవ్వేశారు. కొన్ని నెలలకు సుజాత ఫోన్ చేసింది. కాలువ పక్కన నేల కుంగి పగిలిందట. వాన పడితే ఇంకకుండా పైపైనే జారిపోతోందట.

"ఊట సన్నబడింది బాబాయ్ గారూ. కానీ ఉంది. వినండి," అని ఫోను ఊట దగ్గరగా పట్టింది.

నాకు గరగర తప్ప ఏమీ వినపడలేదు. "ఇనవడ్డది బిడ్డా, మస్తుగ ఇనవడ్డది," అన్నాను. ఆ తర్వాత ఆమెకు ఎక్కడికో బదిలీ అయింది. నంబరు మారింది.

మట్టిని ఎండబెట్టడమే నా వృత్తి. ఎండబెట్టేముందు అది మళ్ళీ తడుస్తుందా అని అడగాలని ఆ పళ్లెం నేర్పింది. మిగిలిన తడిమట్టిని సీసాలో పోసి కిటికీలో పెట్టుకున్నాను. పదివేల ఏళ్లదని పక్కింటివాళ్లకు చెప్పాను. వయసు నాకు తెలియదు. పొద్దున్నే కాసిన్ని నీళ్లు పోస్తాను.

మేడిపల్లిలో మా చెల్లెలింటికి వెళ్తే రెండో రోజుకే బయలుదేరతాను. బావ ఊరుకోడు.

"ఇంట్ల ఎవరున్నరని ఉరుకుతవ్ బావా?"

"ఒకరున్నరు. నీళ్లు పొయ్యాలె."