మొదటి గాలి మేస్త్రిది

మొన్న మంగళవారం పొద్దున్నే తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. మేస్త్రి గారి అల్లుడు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారని, మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్తామని చెప్పాడు. సరేనండి అన్నాను.  ఈ మధ్య చావు కబుర్లు వింటే నాకు ఏడుపు రావడం లేదు, అలసట వస్తోంది. ఈయన విషయంలో మాత్రం ఆ అలసట ఆరేడేళ్ళ నాటిది. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను రేపల్లె అవతల, కృష్ణలో వంతెన స్తంభాల పని జరిగేచోట గాలి మిషను తిప్పేవాణ్ణి. నీళ్ళలో దిగేవాళ్ళు వీపుకు కట్టుకునే సిలిండర్లలోకి గాలి ఎక్కించే కంప్రెసర్ అది. లారీ టైరుకు కొట్టే గాలి ఎలా ఉన్నా ఒకటే. ఇది మనిషి పీల్చే గాలి. దిగేవాళ్ళలో మా అక్క మొగుడు కూడా ఉన్నాడు. సూర్యలంకలో వలలు లాగి పెరిగినవాడు, నీళ్ళంటే లెక్కలేదు. మిషను మొరాయిస్తే తెనాలి నుంచి మేస్త్రి గారు రైల్లో వచ్చేవారు. నూనె మరకల సంచి, దానిలో మరకన్నది ఎరగని తెల్ల రుమాలు.

ఆ మిషన్లో పిస్టన్లు మూడు. మొదటిది గ్లాసంత, మూడోది బొటనవేలంత. వాటి చుట్టూ ఉండే రింగులు అరిగితే కింది నూనె పైకెక్కి గాలిలో కలుస్తుంది. రింగు పోత ఇనుముది, పుల్లలా విరుగుతుంది. "దాన్ని సాగదీయకూడదు అబ్బాయ్, ఒప్పించాలి" అనేవారు మేస్త్రి గారు. ప్రతి రింగుకీ ఒకచోట సన్నటి చీలిక ఉంటుంది. ఆ చీలికలు ఒకే వరుసలోకి వస్తే నూనెకి దారి ఇచ్చినట్టే. అందుకని తలా ఒక దిక్కుకి తిప్పేవారు. "వీళ్ళు తోడికోడళ్ళు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకూడదు" అని నవ్వేవారు. నాకు ఆ మాట నవ్వుగా గుర్తుండిపోయింది, పనిగా గుర్తులేదు.

ఆయనకొక నియమం ఉండేది. రింగులు మార్చాక నింపిన మొదటి సిలిండర్ ఎవరికీ ఇచ్చేవారు కాదు. సిలిండర్ మూతి దగ్గర ఆ తెల్ల రుమాలు పట్టుకుని గాలి వదిలేవారు. పసుపు చార వస్తే మళ్ళీ విప్పడమే. రాకపోతే నోటికి గొట్టం తగిలించుకుని గట్టు మీద అరగంట కూర్చుని ఆ గాలి తానే పీల్చేవారు. మీకేమన్నా అయితేనో అని ఒకసారి అడిగాను. నేలమీద ఉన్నవాడికి తల తిరిగితే కూర్చుంటాడు, నీళ్ళలో ఉన్నవాడు ఎక్కడ కూర్చుంటాడు అన్నారు.

అది రంజాన్ నెల. మూడు పిస్టన్లకీ రింగులు పోయాయి. ఉపవాసంతోనే వచ్చి, విప్పి, కడిగి, రెండింటికి వేశారు. సాయంత్రానికి ఆయన చేతులు వణకడం మొదలైంది. పొద్దున్నే వచ్చి మూడోది వేస్తాను, అప్పటిదాకా మిషను తిప్పొద్దు అని చెప్పి రైలెక్కారు. మర్నాడు ఆ రైలు ఆలస్యం. మనుషులు ఖాళీగా ఉన్నారు, మిషను తిప్పమని కాంట్రాక్టరు కేకలేసి వెళ్ళాడు. మూడోది మిగిలిపోయిందని అతనికి తెలీదు. నాకు రాని పనా అనుకున్నాను. మూడో పిస్టన్‌కి రింగులు నేనే వేశాను. చీలికలన్నీ ఒకే గీతలో, పాపిడి తీసినట్టు చక్కగా పెట్టాను. చూడ్డానికి బాగుందని మురిసిపోయాను కూడా. రుమాలు లేదు, అరగంటా లేదు. ఆ సిలిండర్ కట్టుకుని దిగింది మా బావ.

కాసేపటికే తాడు లాగాడు. పైకి తీస్తే కళ్ళు తేలేసి, గట్టు మీద పడి కక్కుకుంటున్నాడు. నోటి నిండా నూనె వాసన. సరిగ్గా అప్పుడే సంచితో వచ్చారు మేస్త్రి గారు. రింగులు వేసిందెవరని కాంట్రాక్టరు అరుస్తున్నాడు. నేను చేతుల నూనె ప్యాంటుకి తుడుచుకుంటున్నాను. మేస్త్రి గారు ఒంగి సిలిండర్ వాసన చూశారు. తర్వాత నా చేతులు చూశారు.

"రింగులు నిన్న నేనే వేశానండి. తప్పు నాదే" అన్నారు.

ఆ రోజుతో ఏటి దగ్గర ఆయన పని పోయింది. చేతిలో నైపుణ్యం పోయిన ముసలాయన అని తెనాలి దాకా పాకింది. బావ రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. అప్పటినుంచి నలుగురిలో కూర్చున్నప్పుడల్లా ఆయన్ని తిట్టేవాడు. నేను వినేవాణ్ణి. సిగ్గుతో చచ్చినట్టుండేది, అయినా వినేవాణ్ణి.

ఒకసారి ఆయన షాపుకి వెళ్ళాను. ట్రాక్టర్ ఇంజను విప్పుకుని కూర్చున్నారు. ఎందుకలా అన్నారని అడిగాను.

"నువ్వు మీ అక్క ఇంటికి వెళ్ళి అన్నం తినాలి కదా. నాకేముంది, ట్రాక్టర్లున్నాయి" అన్నారు. చేతిలో స్పానర్ కింద పెట్టి, "నేనైతే చెప్పను. చెప్పుకుంటే నువ్వే చెప్పుకోవాలి" అన్నారు. టీ తెప్పించారు. తాగి వచ్చేశాను. ఆ రోజైనా చెప్పి ఉండాల్సింది.

నేను చేసిన మంచి పని ఒక్కటే. ఇప్పుడు నేను బాపట్లలో తిప్పే మిషనుకి రింగులు మారిస్తే మొదటి గాలి నేనే పీలుస్తున్నాను. బావ పక్కనే కూర్చుని, నీకిదేం చాదస్తంరా అంటుంటాడు.

మంగళవారం బావని కూడా రమ్మన్నాను. నన్ను చంపబోయినాయనకి నేనెందుకు అన్నాడు. బతిమాలితే వచ్చాడు గానీ, ఖబరస్తాన్ గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపల మట్టి వేస్తున్నారు. ఇంక ఆ మాట మొయ్యడం నా వల్ల కాలేదు. ఆ రోజు మూడో పిస్టన్‌కి రింగులు వేసింది నేను బావా అన్నాను. మిగతాదంతా కూడా చెప్పాను.

బావ గేటు ఊచ పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఆయన్ని నేను తిడుతుంటే వింటూ కూర్చున్నావేంట్రా" అన్నాడు.

 జేబులోంచి రుమాలు తీసి తలకు కట్టుకుని లోపలికి వెళ్ళాడు. జనం అప్పటికే వెనక్కి తిరుగుతున్నారు. అందరూ చేసినట్టే మూడు గుప్పిళ్ళ మట్టి వేసి, అక్కడే నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతులు దులుపుకోలేదు. బాపట్ల బస్సులో నాకు రెండు సీట్ల ముందు కూర్చున్నాడు. ఊరొచ్చేదాకా ఆ రుమాలు అతని తల మీదే ఉంది.