ఆమె నీళ్లు తాగిన చోటు

నా భార్య పోయింది. గత నెలలో ఒక మంగళవారం, రెండో పీరియడ్ అయ్యాక, కాలేజీ స్టాఫ్‌రూములో కుర్చీలోంచి లేవబోయి పడిపోయిందట. ప్రిన్సిపాల్ ఫోన్ చేసినప్పుడు నేను స్టీల్‌ప్లాంటు ల్యాబులో ఉన్నాను. "సార్, మీరు కొంచెం బయలుదేరి రండి" అన్నారు. గొంతును బట్టే తెలిసింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. పన్నెండేళ్లు ఆమెను బాధపెట్టిన మూత్రాశయానికీ దీనికీ సంబంధం లేదన్నారు. నన్ను ఓదార్చడానికి అన్న మాట అది.

కాలేజీలో సంతాపసభ పెట్టి నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. జబ్బు మనిషిని ఇన్నేళ్లు ఓర్పుగా చూసుకున్న భర్త అని ఒకరు మైకులో అన్నారు. తల వంచుకున్నాను. దుఃఖం అనుకున్నారు. దుఃఖం ఒక్కటే కాదు. ఈ కాలేజీ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఆమె దగ్గర జువాలజీ చదువుకున్నవాళ్లు. మీకైనా ఉన్నదున్నట్టు చెప్పాలి.

బయటికి వెళ్లాలంటే రెండు గంటల ముందు నుంచే ఆమె నీళ్లు మానేసేది. అయినా అరగంటకోసారి ఆగాల్సి వచ్చేది. గాజువాక నుంచి మధురవాడ దాకా ఏ పెట్రోలు బంకులో తలుపుకి గడియ ఉందో, ఏ హోటల్లో ఏమీ కొనకపోయినా లోపలికి వెళ్లనిస్తారో ఆమెకు తెలుసు. "ఈ ఊరికి నా దగ్గర వేరే మ్యాపుందండీ" అని నవ్వేది. నేను బండి ఆపిన ప్రతిసారీ వాచీ చూసుకునేవాణ్ణి.

మొదట్లో మూడుసార్లు మూత్రం కల్చర్ పరీక్ష చేయించాం. మూడుసార్లూ క్రిములు లేవనే వచ్చింది. నా ఉద్యోగం ఉక్కు నమూనాలు పరీక్షించడం. అంకెలు హద్దుల్లో ఉంటే పచ్చసిరాతో టిక్కు పెట్టి పొడిసంతకం చేస్తాను. ఆ తర్వాత ఆ ఉక్కు గురించి ఆలోచించను. మూడో రిపోర్టు భోజనాల బల్ల దగ్గర చదివాను. జేబులోంచి పెన్ను తీసి టిక్కు పెట్టాను. కింద సంతకం కూడా చేశాను. అలవాటుగా చెయ్యి అలా పోయింది.

ఆమె కాగితం తిప్పి చూసుకుంది.

"అయితే నాను పాసైపోయానన్నమాట. మరి ఈ మంట ఏటండీ?"

"క్రిములు లేవుగా. మనసులోదే అయ్యుంటుంది. టెన్షన్ తగ్గించుకో."

"మీ ల్యాబులో కార్బన్ సూసిన కాయితంలో ఫాస్ఫరస్ ఎంతుందో కనబడతాదా?"

కనబడదు. దేని పరీక్ష దానిదే. ఇరవై ఏళ్లుగా కొత్తవాళ్లకు నేనే నేర్పే సంగతి అది. టీవీ సౌండు పెంచాను.

తర్వాత ఇంకో డాక్టరు లోపలికి కెమెరా గొట్టం పంపి చూశారు. మూత్రాశయం లోపలిపొర కంది, అక్కడక్కడా రక్తం ఊరుతోంది. క్రిమి లేని వాపు. ఆ సాయంత్రం ఆమె వంకాయలు తరుగుతూ నాకు పాఠం చెప్పింది.

"ఇప్పుడు నా వేలు తెగిందనుకోండి. ‘పెరగండి, పూడ్చండి’ అని కణాలు ఒకదానికొకటి కబురెడతాయి. ఆ కబురు మోసే ప్రొటీన్లే గ్రోత్ ఫ్యాక్టర్లు. పుండు మానేక కబురాగాలి కదా. నా లోపల ఆగట్లేదేమోనని డాక్టరుగారి అనుమానం. వాటిలో ఒకటి నరాల్ని కూడా పెంచుతాదట. అందుకే గుక్కెడు నీళ్లకే అంత నొప్పి. ఇంకా పూర్తిగా తేలలేదండీ, పరిశోధన సేత్తన్నారు." కత్తిపీట మీంచి తలెత్తి నవ్వింది. "మాన్పడానికొచ్చినోళ్లే మాననివ్వట్లేదు. ఎంత బుద్ధిమంతులో సూడండి."

"ఊఁ" అన్నాను. చదువుతున్న పేపరు కిందికి దించలేదు.

కణాల మధ్య సంకేతాల పాఠంలో ఈ మూత్రాశయం ఉదాహరణ మీకు చెప్పే ఉంటుంది. అది ఎవరిదో చెప్పి ఉండదు.

ఆ ఏడాదే మా సెక్షన్‌వాళ్లం కుటుంబాలతో రుషికొండ వెళ్లాం. వ్యానులో ఆమె రెండుసార్లు ఆపమంది. మూడోసారి నాతో అనకుండా కిటికీ చువ్వ పట్టుకుని కళ్లు మూసుకుంది. నా పక్కన కూర్చున్న మిత్రుడే చూశాడు.

"బావా, ఓ నిమిషం ఆపిద్దుమా? సెల్లెమ్మ ఇబ్బంది పడతంది."

"ఇప్పుడేగా ఆపాం. రిపోర్టులన్నీ నార్మలే. ఆవిడకి అలవాటైపోయింది, పట్టించుకోకు."

అందరికీ వినబడేలా అన్నాను. అది అబద్ధం. కెమెరా పరీక్షలో ఏముందో నాకు తెలుసు.

బీచి దగ్గర వ్యాను ఆగగానే ఆమె దిగి, చెప్పులైనా విడవకుండా, నేరుగా సముద్రంలోకి నడిచింది. కట్టుకున్నది పట్టుచీర. నడుము లోతు దాకా వెళ్లి నిలబడింది. "మేడమ్‌గారికి సముద్రమంటే ఎంత సరదానో!" అని ఆడవాళ్లు నవ్వారు. ఆమె కూడా వాళ్లవైపు తిరిగి నవ్వింది. నేను వ్యానులోనే ఉన్నాను. ఆమె కూర్చున్న సీటు తడిసి ఉంది. నా తువ్వాలు దాని మీద పరిచి కూర్చున్నాను. ఆమె కోసం కాదు, నా పరువు కోసం.

దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత నాతో ఎక్కడికీ రాలేదు. "మీరెళ్లి రండి" అనేది. ఇల్లు కదలడం ఇష్టంలేదు కాబోలు అనుకున్నాను. నాకూ సుఖంగానే ఉండేది. రెండో శనివారాలు మాత్రం ఒక్కతే వన్ టౌన్ వెళ్లేది, జాకెట్టు గుడ్డలకని.

"మీటరు గుడ్డకి నాలుగు గంటలా?"

"రంగు కుదరొద్దా అండీ?"

పెద్దకర్మ అయ్యాక ఆమె చేతిసంచిలో వన్ టౌన్ బట్టలకొట్టు చీటీ ఒకటి కనబడింది. చీరకు ఫాల్ కుట్టమని ఇచ్చింది. తెచ్చుకుందామని వెళ్లాను. ఇరుకు సందులో చిన్న కొట్టు, వెనకాల ఇల్లు. గల్లా దగ్గర ఒక ముస్లిం పెద్దావిడ. చీటీ చూసి, నా వెనకాలకి చూసింది.

"టీచరమ్మగారి సారా? ఆవిడ రాలేదేటండీ?"

చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గడప మీద కూలబడింది. కాసేపటికి లేచి, "లోపలికి రండి సార్" అని తెర తొలగించింది. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎదురుగా బాత్రూం తలుపు.

"ఇక్కడే కూకునేదండి. బాత్రూం దగ్గరుంటాదని కుర్చీ ఇటేపు ఏసేం. రాగానే నీళ్లడిగేది. ఒక గలాసు కాదు, రెండు, మూడు. ‘ఇక్కడ బయిం లేదు బీబీ’ అనేది. దేనికమ్మా బయిం అంటే నవ్వేసేది."

దేనికో నాకు తెలుసు.

నీలం పువ్వులున్న గాజుగ్లాసు నిండా నీళ్లు తెచ్చింది. "ఇది టీచరమ్మ గలాసేనండి. మా ఇంట్లో ఎవుల్నీ ముట్టుకోనివ్వను. తాగండి."

తాగలేదు. పట్టుకుని కూర్చున్నాను. బాత్రూం తలుపు సగం తెరిచి ఉంది. లోపలివైపు, నా భార్య భుజమెత్తున, ఒక మేకు. చేతిసంచి తగిలించుకోవడానికని కొట్టించారట. తలుపంతా ఆకుపచ్చ రంగు. మేకు కింద మాత్రం, సంచి ఊగి ఊగి రాసుకున్నచోట, రంగు పోయి చెక్క తేలి ఉంది.