ఆది జాకెట్టు కొలతకు అల్లిన స్వెట్టరు

"బాలమ్మా, నీకు కండ్లు కనవడ్తున్నయా, తడుముకుంటున్నవా?"

1963లో దసరా ముందు, మిర్యాలగూడలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర కాంపౌండరు అడిగిన మాట ఇది. ఒక సీసా తెమ్మంటే ఆయా బాలమ్మ ఇంకో సీసా తెచ్చింది. మళ్లీ ఇట్లయితే పని పోతుంది. కళ్లద్దాలకు సూర్యాపేటలో పద్దెనిమిది రూపాయలన్నారు. అందుకే బాలమ్మ ఇరవై రూపాయల కూలికి ఆండాళమ్మ స్వెట్టరు అల్లడానికి ఒప్పుకుంది.

ఆండాళమ్మ రైసుమిల్లు లక్ష్మీనర్సయ్య భార్య. బాలమ్మ భర్త దానియేలు ఆ మిల్లులోనే బస్తాలు మోస్తాడు. సాగర్ డ్యాం ఇంజినీర్ల భార్యలు వేసుకునే పలచని స్వెట్టర్ల మీద ఆండాళమ్మ మనసు పడింది, హైదరాబాదు నుంచి సన్న ఊలు తెప్పించింది. అంత సన్నని సూదులు ఊళ్లో లేవు. దానియేలు రెండు సైకిల్ పుల్లలు అరగదీసి ఇచ్చాడు.

"జర నిలవడుండ్రమ్మా, కొలుస్త" అంది బాలమ్మ గడప బయట నుంచి.

"నన్ను ముట్టుడెందుకు? ఆది జాకెట్టిస్త, తీస్కపో."

డాక్టరు సూది వేసేటప్పుడు ఆండాళమ్మ చెయ్యి పట్టుకునేది బాలమ్మే. అక్కడ లేని అంటు ఇంటికొస్తే ఉంది.

చేతిపని మనసుకు శాంతి అని పాస్టరుగారు చెప్పేవాడు. ఆయన ఎప్పుడూ అల్లలేదు. వరసకు రెండు వందల పైచిలుకు కుట్లు. వేలెడు అల్లేసరికి మధ్యాహ్నం అయిపోయేది, మెడ పట్టేసేది. కుట్టు జారితే కంటికి ఆనేది కాదు, వేలితో వెతుక్కునేది. రెండు నెలలు పట్టింది.

తీరా ఆండాళమ్మ వేసుకుంటే గుండీలు కలవలేదు. జాకెట్టు పైట కింద వేసుకునేది, స్వెట్టరు పైట మీద. పైగా ఆ జాకెట్టు రెండో కాన్పుకు ముందు కుట్టించింది.

"ఊలు మిగుల్చుకున్నవా ఏంది?" అంది ఆండాళమ్మ.

బాలమ్మ మిగిలిన ఉండ గడప మీద పెట్టింది. "తూకమేయుండ్రి."

"తూకమెందుకు గని, ఇప్పి మల్ల అల్లు. మాఘంల కోదాడల మా తమ్ముని పెండ్లున్నది."

"ఇప్పితే మొదటి నుంచేనమ్మా. దానికి కూలి?"

"తప్పు చేసి కూలడుగుతవా? మీ దానియేలు మా మిల్లులనే ఉన్నడు గద."

బాలమ్మ విప్పింది. వంకరలు తిరిగిన ఊలు తడిపి, ఆరేసి, మళ్లీ ఉండ చుట్టింది. ఈసారి ఆండాళమ్మ డాక్టరు దగ్గరికి సూది వేయించుకోవడానికి వచ్చినప్పుడు, పైట మీదుగానే కట్లు కట్టే గుడ్డ చుట్టి, కొలత దగ్గర ముడి వేసుకుంది. డాక్టరు చూస్తుండగా ఆండాళమ్మ చేతులెత్తి నిలబడింది.

రెండో స్వెట్టరు సరిగ్గా అమరింది. పెళ్లిలో అందరూ అడిగారట ఎక్కడ కొన్నావని. "హైదరాబాద్" అని చెప్పిందట.

ఫాల్గుణంలో బాలమ్మ మళ్లీ తప్పు సీసా తెచ్చింది. డాక్టరు రేపటి నుంచి రావద్దన్నాడు. అప్పటికి ఆండాళమ్మ ఇచ్చింది ఎనిమిది రూపాయలు. మిగతా పన్నెండు ఇంకా రావాలి.