తొంభై డిగ్రీల మేస్త్రీ

ఆ సర్వీస్ సెంటర్‌లో ఆయనకు అసలు పేరొకటి ఉందన్న సంగతి జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరూ తొంభై అనేవారు. వయసు తొంభై కాదు, యాభై ఎనిమిదే. ఒక కొత్త కారు మూడుసార్లు ఒకే జబ్బుతో వస్తే, మూడుసార్లూ ఆయన జాబ్ కార్డు మీద 'ఇంజిన్ వేడి తొంభై డిగ్రీలు, లోపం లేదు' అని రాసి పంపేశాడు. అప్పటినుంచి ఆ పేరు తగులుకుంది. ఎదురుగా అనేవారు కాదు. వెనకాల అన్నది చెవిన పడదనుకోవడం వాళ్ల అమాయకత్వం.

శనివారం ఉదయం ఆ తెల్ల కారు నాలుగోసారి గేటులోంచి లోపలికి రావడం చూడగానే ఆయన గుండెలో రాయి పడింది. బండి కొని మూడు నెలలు కాలేదు, సీట్లకు కొత్త వాసన కూడా పోలేదు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి వేడి ముల్లు ఎర్ర గీత దాటేస్తుంది, గంట మోగుతుంది, ఇంజిన్ ఆపమని అక్షరాలు వెలుగుతాయి. హడలిపోయి బండి పక్కకు తీసేలోపే ముల్లు ఏమీ ఎరగనట్టు కిందికి దిగిపోతుంది. లోపం కనపడకపోయినా మొదటిసారి అనుమానం మీద సెన్సర్ మార్చారు. రెండోసారి థర్మోస్టాట్ మార్చారు. మూడోసారి బోనెట్ కింద ప్రతి వైరు కొసా విప్పి, తుడిచి, మళ్లీ బిగించారు. కూలెంట్ చుక్క తగ్గలేదు, ఫ్యాను తిరుగుతోంది, పంపు ఆడుతోంది. రోగం దొరకదు, రోగి మాత్రం మళ్లీ మళ్లీ వస్తున్నాడు.

మేనేజరు వచ్చి బండ్లు బాగుచేసే బే పక్కన నిలబడ్డాడు. చిన్నవాడే, మర్యాద తెలిసినవాడు.

"మేస్త్రీ గారూ, ఇవాళ కూడా లోపం లేదని రాస్తే వాళ్లు కారు వెనక్కి తీసుకోమంటారు. పైనుంచి నాకు అక్షింతలు పడతాయి. అప్పుడు మిమ్మల్ని ఒకటో తారీఖు నుంచి స్టోర్‌లో వేయక తప్పదు. అక్కడ ఒంటికి శ్రమ ఉండదులెండి."

స్టోర్ అంటే విడిభాగాల గది. కిటికీ లేదు. తలగడంత కంతలోంచి ఎవరో చీటీ లోపలికి తోస్తే, లోపల ఉన్న మనిషి సామాను బయటికి తోయాలి. ఇదివరకు అక్కడ పదకొండేళ్లు కూర్చున్నాయన రిటైరైన రోజు నాలుగు మాటలు మాట్లాడితే, ఈయన గొంతు ఇలా ఉంటుందా అని అందరూ ఆశ్చర్యపోయారు. మేస్త్రీకి ఆ గదంటే భయం. ఇంట్లో ఎలాగూ పలకరించే దిక్కు లేదు. పగలు కూడా నాలుగు గోడలే అయితే మాట అనేది మరిచిపోతానేమోనని ఆయన బెంగ.

రెండేళ్ల కిందటిదాకా ఆయనకు సొంత షెడ్డు ఉండేది. రెండు బళ్లు పడితే మూడోది రోడ్డు మీదే. పిల్లల్లేరు. ఆయన, ఆయన భార్య, అంతే. వేడెక్కే బండి ఏదైనా వస్తే ఇంజిన్ నుంచి వైరు లాగి, వేడి కొలిచే మీటరు ఆవిడ ఒళ్లో పెట్టేవాడు. ఆయన నడుపుతుంటే ఆవిడ పక్క సీటులో కూర్చుని అంకెలు చదివేది. ఆ చదవడం కూరగాయల ధరలు చెప్పినట్టు ఉండేది. "ఎనభై. ఎనభై ఐదు. తొంభై, ఇంక దిగదట." ఎండకు కళ్లు మూతపడుతున్నా అంకె మాత్రం ఆగేది కాదు. "నువ్వు చూడట్లేదు" అని ఆయన దొంగను పట్టుకున్నట్టు అంటే, "చూడక్కర్లేదు, బండి బాగానే ఉంది" అనేది కళ్లు తెరవకుండా. ఇరవై నాలుగేళ్లు అలా తిరిగారు. తర్వాత ఒక జ్వరానికి ఆసుపత్రిలో చేరి ఆవిడ మళ్లీ ఇంటికి రాలేదు. నెల తిరగకుండా ఆయన షెడ్డు తలుపు దించి ఇక్కడ చేరాడు.

ఇక్కడ స్కానర్ ఉంది. దాన్ని తగిలించి పక్క సీటులో పడేస్తే అంకెలన్నీ తనే రాసుకుంటుంది. చేరిన కొత్తలో తోటి మెకానిక్కులు "నేనూ రానా మేస్త్రీ" అని అడిగేవారు. "యంత్రం ఉందిగా, నువ్వెందుకు" అని ముక్కుసూటిగా అనేసేవాడు. నాలుగుసార్లు అన్నాక ఎవరూ అడగడం మానేశారు. అసలు సంగతి యంత్రం కాదు. ఆ సీటులో ఇంకొకరు కూర్చుంటే ఆయన చూడలేడు. ఈ మాట ఎవరితోనైనా చెప్పుకుని ఉంటే బాగుండేది, చెప్పుకోవడానికి మనిషేడి.

ఆ ఉదయం కూడా ఒక్కడే వెళ్లి పన్నెండు కిలోమీటర్లు తిరిగి వచ్చాడు. ఎత్తు ఎక్కించాడు, ట్రాఫిక్‌లో నిలబెట్టాడు, ఏసీ పెట్టాడు, తీశాడు. స్కానర్‌లో గీత స్కేలు పెట్టి గీసినట్టు తొంభై దగ్గర సాగింది. బండి దిగి చేతులు ముడుచుకుని గోడకు ఆనుకున్నాడు. ఇంకేం చేయాలో తోచలేదు.

కస్టమర్లు అద్దాల గది దాటి లోపలికి రాకూడదని రూలు. వాళ్లు చెప్పేది అడ్వైజర్ వింటాడు, విన్నదాన్ని మూడు ముక్కల్లో కార్డు మీద రాస్తాడు. ఈ కార్డు మీద 'వేడి హెచ్చుతగ్గులు' అని ఉంది. అంతే. అద్దం అవతల ఆ కారు సొంతదారు, కాలేజీ లెక్చరరమ్మ, ఒళ్లో పేపర్లు పెట్టుకుని దిద్దుకుంటోంది. పక్కన ఆవిడ తండ్రి. డెబ్భై దాటినవాడు, కుడి భుజానికి పట్టీ. మంచినీళ్లు ఎక్కడని వెతుక్కుంటూ ఆ పెద్దాయన లేచి, తప్పు తలుపు తీసుకుని నేరుగా బే దగ్గరికి వచ్చేశాడు.

"మీరేనా దీనికి వైద్యం చేసేది?" అన్నాడు.

"నేనే. దీనికి రోగమే లేదంటోంది యంత్రం."

"నిజమేనయ్యా, రోగం నాది. నేనెక్కితేనే దీనికి జ్వరం వస్తోంది. అమ్మాయి ఒక్కతే కాలేజీకి వెళ్తే బుద్ధిగా ఉంటుంది. నన్ను భుజానికి కసరత్తు చేయించడానికి తీసుకెళ్తేనే గోల. మొన్న నడిరోడ్డు మీద ఎండలో అరగంట నిలబడ్డాం. ఇంక నేనీ కారు ఎక్కనని చెప్పేశాను, ఇవాళ బలవంతాన లాక్కొచ్చింది. నాకోసమే కొన్నది, పాపం."

మేస్త్రీ చేతిలో ఉన్న కార్డు మళ్లీ చదివాడు. మూడు నెలల్లో నాలుగు కార్డులు చేతికొచ్చాయి, ఈ ఒక్క ముక్క ఏ కార్డు మీదా లేదు. మరో మనిషి ఎక్కితే వచ్చే జబ్బును తను ఒంటరిగా ఊరంతా తిరిగి వెతికాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మేస్త్రీ చుట్టూ చూసి, పక్క సీటు తలుపు తీశాడు. స్కానర్ తీసి చేతిలో పట్టుకున్నాడు. రెండేళ్లుగా ఏ బండికీ ఆయన ఆ తలుపు ఇంకొకరి కోసం తీయలేదు.

"ఎక్కండి పెద్దాయనా. ఇది ఒళ్లో పెట్టుకుని ఈ అంకె పైకి చదువుతూ ఉండండి, చాలు."

"అమ్మాయి తిడుతుందేమో."

"నన్నూ తిడతారు. ఇద్దరం కలిసి పడదాం."

రోడ్డెక్కారు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టాడు. "అరవై రెండు. డెబ్భై. ఎనభై ఒకటి." మేస్త్రీ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఆ గొంతు వేరు, మనిషి వేరు, అయినా బండిలో అంకెలు మాటల్లో వినపడేసరికి ఆయనకు లోపల ఏదో కదిలిపోయింది. కళ్లు చెమర్చాయి. ఎదురు ఎండ వంక పెట్టుకుని తుడుచుకున్నాడు.

"తొంభై. తొంభై. తొంభై. నూట ముప్పై."

గంట మోగింది. ముల్లు ఎర్ర గీత మీద ఉంది. మేస్త్రీ బండి ఆపలేదు. నీళ్లు పోసిన ఇంజిన్ ఒక్క క్షణంలో నలభై డిగ్రీలు ఎక్కదు, దిగదు. అబద్ధం చెబుతున్నది వేడి కాదు, ఆ కబురు మోసుకొచ్చే వైరు. అదెక్కడో చూడాలని పక్కకు తిరిగాడు. అప్పుడు కనపడ్డాయి ఆయనకు పెద్దాయన కాళ్లు. రెండు పాదాలూ మడమ మీంచి మునివేళ్ల మీదికి, మునివేళ్ల మీంచి మడమ మీదికి ఊగుతున్నాయి, ఆగకుండా.

"మీ కాళ్లు ఏం చేస్తున్నాయి?"

"ఇవా, అలవాటు. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కాను. ఊరికే కూర్చుంటే వాటంతటవే తొక్కేస్తాయి. మా ఆవిడ బతికుండగా భోజనం దగ్గర కూడా తిట్టేది."

"ఒకసారి ఆపండి."

"ఆపాను. తొంభై."

"ఇప్పుడు కుట్టండి."

"తొంభై. తొంభై. నూట ముప్పై రెండు. మేస్త్రీ, ఇది నేనేనా?"

"మీరే," అన్నాడు మేస్త్రీ, నవ్వేశాడు. నవ్వి ఎన్నాళ్లయిందో, దవడలు నొప్పి పుట్టాయి.

వెనక్కి వచ్చి బేలో పక్క సీటు ముందు కాళ్ల కింద మ్యాటు తీశాడు, దాని కింద ప్లాస్టిక్ షీటు విప్పాడు. కారు అమ్మిన రోజున ఇదే సెంటర్‌లో అదనపు సరంజామా బిగించేవాళ్లు ఆ షీటు వేశారు. మూలన ఉండాల్సిన దానికంటే పొడుగు స్క్రూ దింపేశారు. ఇంజిన్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లే వైర్లు సరిగ్గా అక్కడే. స్క్రూ మొన ఒక వైరు తోలు గీకేసింది. కాలు నొక్కితే రాగి వెళ్లి ఇనుముకు తగులుతుంది, కంప్యూటర్ ఇంజిన్ కాలిపోతోందనుకుంటుంది. కాలు తీస్తే మళ్లీ మామూలే. మూడు నెలలుగా అందరూ బోనెట్ ఎత్తారు, మ్యాటు ఎత్తినవాడు లేడు.

స్క్రూ తీసేసి, గీసుకుపోయిన చోట సోల్డరింగ్ పెట్టి, టేపు చుడుతుంటే పెద్దాయన స్టూలు మీద కూర్చుని చూశాడు. "మరీ లాగి చుట్టకు, పిగులుతుంది. కాస్త వదులుండాలి" అన్నాడు. బట్ట కుట్టేవాడి మాట వైరుకూ పనికొచ్చింది.

ఈలోగా తండ్రి కనపడక కంగారుపడి లెక్చరరమ్మ, ఆవిడ వెనక అడ్వైజరు, ఆయన వెనక మేనేజరు వచ్చారు. మేస్త్రీ ఆ పొడుగు స్క్రూ మేనేజరు అరచేతిలో పెట్టి కార్డు అందించాడు. లోపం ఎలా తెలిసిందో రాయాల్సిన గడిలో, 'పక్క సీటులో మనిషి ఉంటేనే తెలుస్తుంది. ఇన్నాళ్లూ నేను ఒక్కడినే వెళ్లాను. తప్పు నాది' అని రాసి ఉంది.

మేనేజరు స్క్రూ వంకా కార్డు వంకా మార్చి మార్చి చూశాడు. తన సెంటరే చేసిన ఘనకార్యం కనుక గొంతు తగ్గింది.

"రూలుకు విరుద్ధంగా కస్టమర్‌ను ఎక్కించారు."

"ఎక్కించాను. ఇంకోసారి ఎక్కించాలి, బాగైందో లేదో చూడాలిగా."

"సరే, వెళ్లిరండి," అన్నాడు మేనేజరు. రెండడుగులు వేసి ఆగాడు. "స్టోర్‌కు ఇంకెవర్నైనా చూస్తాలెండి."

లెక్చరరమ్మ తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "నీవల్లే నాన్నా అంటే కోపం తెచ్చుకున్నావు. నిజంగా నీవల్లేగా" అంది. "నావల్లే దొరికింది కూడా," అన్నాడాయన దర్జాగా, సీటులో ఎక్కి కూర్చుంటూ.

ఈసారి కాళ్లు తనివితీరా ఆడించమన్నాడు మేస్త్రీ. పెద్దాయన పెళ్లి బట్టలు కుడుతున్నట్టు తొక్కాడు. తొంభై. తొంభై ఒకటి. తొంభై. ఆరు కిలోమీటర్ల దగ్గర పెట్రోలు బంకు వచ్చింది. అక్కడ వెనక్కి తిరగాలి. తిరిగితే పని అయిపోయినట్టే, ఈ మనిషి కూతురితో ఇంటికి వెళ్లిపోతాడు, బండి మళ్లీ రానక్కర్లేదు. మేస్త్రీ తిరగలేదు.

పెద్దాయన బంకు వంక చూశాడు, మేస్త్రీ వంక చూశాడు. కాసేపటికి స్కానర్ ఒళ్లోంచి జారి సీటు సందులో పడింది. తీసుకోలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, కాళ్లు ఆడిస్తూనే, "తొంభై" అన్నాడు.

"మీరు చూడట్లేదు," అన్నాడు మేస్త్రీ.

"చూడక్కర్లేదులేవయ్యా. బండి బాగానే ఉంది. నువ్వు పోనీ."

మేస్త్రీ తర్వాతి మలుపు కూడా దాటించాడు. పక్కనుంచి అంకెలు వస్తూనే ఉన్నాయి.